పెట్రోమాక్సుల గెడ్డ మీద ఎర్రగీత

శృంగవరపుకోట దాటి నీలంవలస వెళ్లే రోడ్డు మీద ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెట్రోమాక్సుల గెడ్డ అంటారు. పొద్దుగూకాక దాని కల్వర్టు మీద బండి ఆపే మొనగాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు.

మన తాతల నాడు పెళ్లికి తరలిపోతున్న రెండు ఎడ్లబళ్లు వరదకి ఆ గెడ్డలో కొట్టుకుపోయాయి. పదకొండు మంది. వాళ్లింకా ఆ పెళ్లికి చేరలేదు. అందుకని వాన పడ్డ రాత్రి పెట్రోమాక్సు దీపాలు పట్టుకుని రోడ్డెక్కుతారు. ఎదురొచ్చిన బండికి అడ్డంగా నిలబడి, "పెళ్లికేనా బాబూ..." అని అడుగుతారు. ఆగావో, పలికావో — నువ్వూ ఆ పెళ్లికే.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నేను చెప్పేది మాత్రం ఆ రాత్రి కారు తోలిన అప్పలసూరి నోటంట విన్నది. అతను తాగడు. అబద్ధం ఆడడు.

కార్లో ఉన్న రెండో మనిషి జగన్నాధం. భోగాపురంలో కొబ్బరికాయల వ్యాపారం. సంతకం, అంకెలు తప్ప అక్షరం రాదు గానీ, మర్యాదలో ఆవగింజంత తక్కువైనా పదేళ్లు గుర్తుపెట్టుకునే రకం. ఆ వేళ నీలంవలసలో అతని మేనకోడలు సింధూరి పెళ్లి. రాత్రి రెండూ పద్దెనిమిదికి లగ్నం. మేనమావ గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తే తప్ప ఆడపిల్ల పందిట్లోకి రాదు. ఆ గంప జగన్నాధానిది.

అయినా అతను ఇంట్లోనే ఉండిపోయాడు. ఎందుకంటే, పిల్ల తండ్రి బంగారురాజు శుభలేఖని ఫోన్లోకి పంపాడు. గడప తొక్కి, బొట్టు పెట్టి పిలవలేదు. చెల్లెలి మొగుడైతే మాత్రం? అలా పిలిచిన పెళ్లికి తన ఇంటి కాకి కూడా పోదన్నాడు జగన్నాధం. అప్పటికే ఆరేళ్లుగా ఆ బావాబావమరుదులకి మాటల్లేవు. ఒక ఆబోతు గురించి మొదలైంది. ఆ ఆబోతు కూడా పోయింది, మాటలు మాత్రం రాలేదు.

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. సింధూరి. ఏడవలేదు. మెల్లిగా చెప్పింది.

"మావా, పెదనాన్న కొడుకులు గంప ఎత్తుతామంటన్నారు. నువ్వొస్తే కూకుంటాను. రాపోతే నిలబడే ఉంటాను. లగ్నం పోతే పోనీ."

జగన్నాధం చొక్కా తొడుక్కుంటూనే అప్పలసూరిని లేపాడు.

అప్పలసూరి ఆ నెలలోనే కార్లో పాత రేడియో పీకించి, పలకంత టచ్ స్క్రీను పెట్టించాడు. తన ఫోన్లో నెట్టు అయిపోయిందని జగన్నాధం ఫోన్ అడిగి, దానికి వైరు పెట్టి, మ్యాపు వేశాడు. ఒంటిగంటా ముప్పై ఐదుకి నీలంవలస అని చూపించింది. ఒక ఆడగొంతు కుడివైపు తిరగమంది.

ముప్పై ఏళ్లు ఈ దారుల్లో లారీలు తిప్పినవాణ్ణి, ఎవతో ఎక్కడో కూర్చుని నాకు దారి చెప్పేదేటని జగన్నాధం ఎడమకి తిప్పించాడు. విమానాశ్రయం కోసం వేసిన కొత్త రోడ్లలో పడి, ఒకే బోర్డు ముందు నుంచి మూడుసార్లు పోయారు. ఒంటిగంటా ముప్పై ఐదు కాస్తా ఒంటిగంటా యాభై అయింది. తర్వాత అతను దారి గురించి నోరెత్తలేదు. మోకాలు మాత్రం ఆడిస్తూనే ఉన్నాడు. గడియారం చూడ్డం, స్క్రీను చూడ్డం, మళ్లీ గడియారం.

విజయనగరం దాటాక స్క్రీను మీద మ్యాపు మాయమైంది. దాని బదులు ఒక మీసాల మొహం... బంగారురాజు ఫోటో. కారంతా రింగు.

"ఫోను కొయ్యి" అన్నాడు జగన్నాధం.

అప్పలసూరి కోశాడు. రెండు మైళ్లు పోకముందే మళ్లీ వచ్చింది. మళ్లీ కోశాడు. శృంగవరపుకోటలో మూడోసారి.

"ఏదో అవసరమేమో బాబూ..."

"ఏటి అవసరం? నేను రాలేదని ఎగతాళి సెయ్యడానికి. నేనొస్తన్నది ఆడి కోసం కాదు. కొయ్యి."

ఊరి దీపాలు వెనక్కి పోయాయి. కొండల మీంచి వాన దిగింది. రోడ్డు మీద వాళ్లు తప్ప పురుగు లేదు. ముందు బండి లేదు, వెనక బండి లేదు. అద్దం తుడిచే పుల్లల చప్పుడు ఒకటే. టక్... టక్...

అప్పుడు చూశాడు జగన్నాధం. స్క్రీను మీద నీలంగా పోతున్న దారి, ఒకచోట రక్తంలా ఎర్రబడి ఉంది.

"ఒరే, ఈ ఎరుపేటిరా?"

అప్పలసూరి బండి నెమ్మది చేశాడు. బళ్లు ఆగిపోయినచోట అలా చూపిస్తాదన్నాడు. ఒక్కచోట చాలా ఫోన్లు కదలకుండా నిలబడితే అది కనిపెట్టి ఎర్రగీత గీస్తాదట.

"ఈ ఏళప్పుడు, ఈ అడివిలో ఎవుల ఫోన్లు?"

అప్పలసూరి వేలితో ఆ ఎర్రగీతని పెద్దది చేసి చూశాడు. "అది... గెడ్డ కాడే, బాబూ" అన్నాడు.

ఆడగొంతు వచ్చింది. ఎప్పటిలాగే, ఏ కంగారూ లేకుండా. ముందు ట్రాఫిక్ నెమ్మదిగా ఉందంది. అయినా ఇదే దగ్గర దారి అంది. నేరుగా వెళ్లమంది.

ఒంటిగంటా ముప్పై ఎనిమిది. వెనక్కి తిరిగితే లగ్నం పోయినట్టే. సింధూరి అన్నంత పనీ చేసే పిల్ల, అది మేనమావ పోలిక. ఆ పిల్లని పీటల మీద కాకుండా గుమ్మంలో నిలబెట్టింది తనేనన్న మాట ఇక చచ్చేదాకా మోయాలి.

"పోనీ" అన్నాడు జగన్నాధం. "ఏది కనపడినా ఆపకు. ఎవులు పిలిసినా పలక్కు."

మలుపు తిరిగారు.

మొహాలు.

రోడ్డుకి అడ్డంగా, నేలకి ఐదడుగుల ఎత్తులో... ఉత్త మొహాలు. గడ్డాల కింద నుంచి తెల్లటి వెలుగు. కళ్లున్నచోట గుంటలు. మెడలు లేవు, ఒళ్లు లేవు. ఐదు... ఎనిమిది... పది. అప్పలసూరి పదకొండు దాకా లెక్కపెట్టి కళ్లు దించుకున్నాడు.

మొహాలు కదిలాయి. ఊగుతూ, కారు మీదికే వస్తున్నాయి. అద్దాలు మూసే ఉన్నా, వానలోంచి సన్నగా వినపడింది —

"పెళ్లికేనా... బాబూ... పెళ్లికేనా..."

అప్పలసూరి కాలు బ్రేకు మీదికి పోయింది. జగన్నాధం చెయ్యి అతని భుజం మీద పడింది. ఇనుప చెయ్యి.

"తొక్కు. పక్కకి తప్పుకుంటాయి. తొక్కరా..."

తొక్కాడు. నిజంగానే మొహాలు రెండు పక్కలకీ చెదిరాయి. ఒకటి అరుస్తోంది. ఒకటి బానెట్ మీద దబదబా బాదింది. ఆడగొంతు మాత్రం నిమ్మళంగా, "నేరుగా వెళ్లండి" అంది.

సరిగ్గా అప్పుడే స్క్రీను మీద మళ్లీ బంగారురాజు ఫోటో. రింగు.

అప్పలసూరి రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయాయి. కొయ్యడానికి మూడో చెయ్యి లేదు. జగన్నాధమే వేలు చాపాడు. రెండు గుండ్రాలున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. కోసేది ఎరుపని తెలుసు. వేలు దాని మీదికే పోయింది కూడా. చక్రం గోతిలో పడింది. కారు ఎగిరింది. వేలు పచ్చదాని మీద దిగింది.

నాలుగు స్పీకర్లలోంచీ ఒక్కసారి —

"బావ... ఆపు. గెడ్డ తెగిపోనాది."

ఆ మాట కార్లో వినపడ్డ అరక్షణానికి, అదే మాట, అదే గొంతు, బయట వానలోంచి కూడా వినపడింది.

అప్పలసూరి బ్రేకు మీద నిలబడ్డాడు. కారు జారి, అడ్డం తిరిగి, ఆగింది. లైట్ల వెలుగు రోడ్డు మీద పడాలి. పడలేదు. మూరెడు దూరంలో రోడ్డు లేదు. కింద ఎర్రనీళ్లు చెట్ల మానులని దొర్లించుకుంటూ పోతున్నాయి.



వెనక నుంచి మొహాలు వచ్చి కారు చుట్టూ చేరాయి. దగ్గరికొస్తే మనుషులే. నెత్తి నుంచి మోకాళ్ల దాకా నల్ల ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని, గుండెల దగ్గర ఫోన్లు వెలిగించుకున్న నీలంవలస మగవాళ్లు. వాళ్ల మోటారుసైకిళ్లు గట్టు పక్కన వరసగా ఉన్నాయి. వాళ్లకి ముందు, పసుపంచు పంచె బురదలో ఈడుస్తూ, ఫోను చెవికి ఆనించుకుని, కన్యాదానం చెయ్యాల్సిన మనిషి. బంగారురాజు.

పన్నెండు గంటలకి వరదొచ్చి కల్వర్టుని ఎత్తుకుపోయిందట. చుట్టాలందరూ అప్పటికే చేరిపోయారు, ఒక్క మనిషి తప్ప. ఆ మనిషి బయల్దేరాడని కూతురు చెప్పగానే, పీటల మీంచి లేచి, ఊళ్లో బళ్లన్నీ పోగేసి, పైన మామిడితోటలో ఉన్న కాలిబాట వంతెన దాటి వచ్చాడట. ఫోన్ చేస్తూనే ఉన్నాడట. వీళ్లు కోస్తూనే ఉన్నారు.

జగన్నాధం దిగలేదు. అద్దం దించలేదు. బయట అతనూ కారు తలుపు దగ్గరికి రాలేదు. మధ్యలో నాలుగు గజాల వాన. గడియారం ఒంటిగంటా నలభై నాలుగు. స్క్రీను మీద ఆ మీసాల ఫోటో ఇంకా వెలుగుతూనే ఉంది, కింద క్షణాలు లెక్కపడుతున్నాయి.

జగన్నాధం బయటికి చూడకుండా, ఆ ఫోటో కేసి చూస్తూ అన్నాడు.

"ఎటెళ్లాలి, బావ?"

ఫోను చెవి నుంచి తియ్యకుండానే వానలోంచి బంగారురాజు చెప్పాడు.

"ముందు దిగు. నా బండెనక కూకో. అక్కడ పిల్ల నిలబడుంది."