గులకరాళ్ల డబ్బా

అది సెప్టెంబరు పన్నెండు. మధ్యాహ్నం బళ్లో సాంబారన్నం, ఉడకబెట్టిన గుడ్డు పెట్టారు. స్రవంతి తెల్లసొన ముందే తినేసి, పచ్చసొన ఆఖరుకు దాచుకుంది. దాన్ని నోట్లో వేసుకుంటుంటే పక్కన కూర్చున్న మనీషా మోచేత్తో పొడిచింది.

"ఇయ్యాల గూడ కోళ్ల ఆట చూపిస్తవా?"

"బడి ఇడిచినంక రా."

స్రవంతి వాళ్లమ్మ పోయి ఏడాది దాటింది. నాయిన దేవేందర్ కూలికి పోయి చీకటిపడ్డాక వస్తాడు. ఖాళీ ఇంట్లో పిల్ల ఒక్కతే కూర్చోవడం చూడలేక, పక్కింటి భద్రమ్మ తన నల్లకోడిని పాలుకు ఇచ్చింది. పాలు అంటే, సాకేది స్రవంతి. పుట్టిన పిల్లలు ఇద్దరికీ చెరిసగం. తల్లికోడి మాత్రం భద్రమ్మదే.

కోడి ఎనిమిది పిల్లల్ని చేసింది. ఇంటి వెనకే పత్తిచేను. పొద్దుగూకితే అందులో అడవిపిల్లి తిరుగుతుంది. అందుకే కోడిని, పిల్లల్ని పొద్దుండగానే ఇంటికి పిలవడానికి నాయిన ఒక రేకు డబ్బాలో నూకలు పోసి ఇచ్చాడు.

"డబ్బా ఊపినవంటే పిడికెడు ఏసుడే, బిడ్డా. ఒక్కపారి గూడ ఉత్తగ ఊపొద్దు."

ఇరవై రోజుల్లో కోడికి అలవాటైంది. డబ్బా గలగలమంటే చాలు, ఎంత దూరాన ఉన్నా రెక్కలు విప్పుకుని ఉరికొచ్చేది. వెనకే పిల్లలు.

బడి పిల్లలు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. అందరికీ చూపిస్తుంటే నూకలు అయిపోవస్తున్నాయి. స్రవంతి ఉన్న నూకలు గిన్నెలోకి తీసి, డబ్బాలో గులకరాళ్లు పోసింది. చప్పుడు అచ్చం అదే.

ఆ సాయంత్రం నాలుగుసార్లు ఊపింది. నాలుగుసార్లూ కోడి వచ్చింది. నేల గీరింది. మెడ వంచి స్రవంతి చేతుల వంక చూసింది.

"చూడే, ఎట్ల ఆగమైతుందో!" అని మనీషా పడీపడీ నవ్వింది. స్రవంతి కూడా నవ్వింది.

ఐదోసారి కోడి సగం దూరం వచ్చి, వెనక్కి చేనులోకి తిరిగిపోయింది.

పిల్లలు ఇళ్లకు పోయారు. మబ్బు పట్టి తొందరగా చీకటైంది. స్రవంతి ఈసారి గుప్పిట్లో నిజంగానే నూకలు పట్టుకుని డబ్బా ఊపింది. ఊపుతూనే ఉంది. చేనులో ఆకు కదల్లేదు. ఇంతలో వాన మొదలైంది. నాయిన వచ్చి సెల్‌లైటు పట్టుకుని వెతికాడు. చేను నడుమ నుంచి కోడి అరుపు ఒక్కసారి వినిపించింది. అంతే.

తెల్లారి పత్తి సాళ్లలో నల్లని ఈకలు కనిపించాయి. కందికట్టెల మోపు కింద ఆరు పిల్లలు తడిసి ముద్దై ఉన్నాయి.

వాటికి మేత వేద్దామని నాయిన డబ్బా వంచాడు. రాళ్లు పడ్డాయి.

"గివేంది, బిడ్డా?"

స్రవంతి లోపలికి పోయి నూకల గిన్నె తెచ్చి ముందు పెట్టింది. నాయిన తిట్టలేదు. రాళ్లు ఏరి గోడ పక్కన పెట్టాడు. గిన్నెలోని నూకలు డబ్బాలో పోసి ఆమె చేతికిచ్చాడు.

"భద్రమ్మకు నన్ను చెప్పమంటవా, నువ్వు చెప్తవా?"

"నేనే చెప్త."

భద్రమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. "పిల్లి ఎత్కపోయిందట గద. ఇప్పుడే ఇన్న" అంది.

అక్కడితో ఊరుకున్నా ఎవరూ అడగరు. స్రవంతి డబ్బాను పొట్టకు అదుముకుంది.

"నేను పిలిస్తే రాలేదవ్వా. నిన్న ఆటకు రాళ్లు పోసి ఊపిన. శానసార్లు."

భద్రమ్మ చేతులు ఆగాయి.

"మూడేండ్ల సంది నా ఎనకెనకనే తిరిగిందే గది" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు స్రవంతికి.

కాసేపటికి భద్రమ్మే అడిగింది. "పిల్లలెన్ని మిగిలినయ్?"

"ఆరు."

"మూడు నాయి, మూడు నీయి. నాయి గూడ నీ తాననే ఉండనియ్యి. పొద్దుగూకకముందే లోపటికి తోలు. తల్లి లేదు వాటికి."

కానీ డబ్బా చప్పుడు వింటే పిల్లలు దూరంగా జరిగేవి. స్రవంతి రోజూ ఒక్కసారే ఊపేది. ఊపిన చోట నూకలు చల్లి, పక్కకు పోయి కూర్చునేది. అవి తినకపోతే, ఇప్పుడు పొద్దుండగానే ఇల్లు చేరుతున్న నాయిన వచ్చి కర్రతో మెల్లగా గూట్లోకి తోలేవాడు.

"ఒక్కపారి ఊపవే, చూద్దాం" అంది మనీషా ఒకరోజు.

"ఉత్తగ ఊప."

"అబ్బో, గంత ఫోజెందుకే?" మనీషా మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. స్రవంతి పిలవలేదు.

మళ్లీ బళ్లో గుడ్డు పెట్టిన రోజు, ఆమె తెల్లసొన తిని పచ్చసొన కాగితంలో చుట్టుకుంది. సాయంత్రం డబ్బా ఒక్కసారి ఊపింది. నూకల మీద పచ్చసొన నలిపి చల్లి, దూరంగా కూర్చుంది.

బూడిదరంగు పిల్ల ఒకటి చేను గట్టు దిగింది. రెండడుగులు వేసి ఆగింది. స్రవంతి చేతుల వంక చూసింది. మళ్లీ నడిచింది. ఒక గింజ పొడిచింది. దాని వెనక ఇంకోటి.

అప్పుడే పని నుంచి వచ్చిన నాయిన, అవి బెదరకుండా సైకిలు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు.

ఆరూ గూట్లోకి పోయాయి. నల్లకోడి పడుకునే మూల ఖాళీగా ఉంది. అవి ఆ మూలకే చేరి, ఒకదాన్నొకటి ఆనుకుని ముడుచుకున్నాయి.

స్రవంతి చప్పుడు కాకుండా గూటి తలుపు మూసింది.