దొంగ చుక్క దిగిన రాత్రి

చిన్నమనూరుకు పైనున్న కొండమీద, టెలిస్కోపు కింది గదిలో కృత్తిక ఒక్కతే కూర్చుని ఉంది. కోయంబత్తూరు పిల్ల. లేజరుతో తొంభై కిలోమీటర్ల ఎత్తున, సోడియం పొరమీద ఒక దొంగ చుక్కను వెలిగిస్తారు. దాన్ని చూసి, గాలి చెరిపిన బొమ్మను అద్దంతో సరిదిద్దుతారు. ఆ పొర నిలకడగా ఉండదు. కాస్త దిగినా ఫోకస్ చెడుతుంది. అప్పుడు అసలు చుక్కను చూసి దిద్దుకోవడం ఆమె పని.

బయట, గోపురం చుట్టూ ఉన్న నడవాలో వేలుసామి కాపలా. లేజరు దారిలోకి విమానం వస్తే చెప్పాలి. కింద ద్రాక్షతోట ఉన్న పెద్దాయన. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే గనుక ఆమెకు మామయ్యాడు.

రాత్రి రెండు గంటలకు తెరమీద పొర ఎత్తు ఎనభై కిలోమీటర్లకు దిగింది. ఆ వెంటనే అరవై.

అసలు చుక్కను చూసింది. సూదిమొనలా ఉంది. టెలిస్కోపులో తప్పు లేదు. లేజరు వెలుగే దేనికో తగులుతోంది.

"మామా, మేఘమేమన్నా ఉందా?" వాకీటాకీలో అడిగింది.

"లేదు పాపా. చుక్కలన్నీ బాగా తెలస్తా ఉండాయి."

ఇరవై. ఆరు. ఒకటి.

లేజరు ఆపేసింది. గదిలో తడి ఇనుము వాసన...

అంకె ఆగలేదు. ఇప్పుడు మీటర్లు. నాలుగు వందలు... తొంభై...

"మామా, లోపలికి వచ్చేయి."

వాకీటాకీలో గుసగుస.

"కదలకూడదు పాపా... నా నెత్తిమీదనే ఉండాది."

సున్నా.

మైనస్ మూడు. మైనస్ ఐదు.

సున్నా అంటే పైనున్న అద్దం. ఆమె కుర్చీ దానికి పన్నెండు మీటర్ల కింద.

కృత్తిక మెట్లెక్కి పైకి పరుగెత్తింది. నడవాలో వేలుసామి వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నాడి లేదు. ఫోన్‌లో మనుషుల్ని పిలిచి, ఆయన తల ఒడిలో పెట్టుకుంది. ముందే లోపలికి పిలవలేదే అనుకుంటూ, తెల్లవారేదాకా అలాగే కూర్చుంది. కింది గదికి దిగలేదు.

శవాన్ని పోస్టుమార్టానికి మదురైకి పంపాక, పై అధికారి ఆనంద్‌కుమార్ ఆ రాత్రి ఫైళ్లు తెరిచాడు. అంకె మైనస్ పన్నెండు దగ్గర నలభై నిమిషాలు నిలిచింది. అంతసేపూ ఫోకస్ కొంచెం కూడా తప్పలేదు. ఆకాశంవైపు తిప్పిన టెలిస్కోపు కెమెరా ఒక్క ఫోటో తీసింది.

ఆయన చూసి, తెరను ఆమెవైపు తిప్పాడు.

పైనుంచి తీసినట్టు, ఆమె కుర్చీ. అందులో వేలుసామి. మొహం పైకెత్తి చూస్తున్నాడు.

టైము రెండు నలభై. అప్పుడు ఆయన తల ఆమె ఒడిలో ఉంది.