పిట్టల వంతు

మద్దిమానుపల్లెలో ఆ యేడు మామిడి కోతకు ఒక్క మనిషీ చెట్టెక్కలేదు. తెల్లవారగానే తూనీగలు లేచాయి. తూనీగలంటే అరచేతి వెడల్పుండే కోత డ్రోన్లు. కాయను ముచ్చిక దగ్గర తుంచి, పరిచిన గోనెపట్టాల మీద దింపి, మళ్లీ ఎగిరేవి. పదకొండేళ్ల కిందట నాటిన తోట నిండుగా కాయడం అదే మొదలు. ఊరు ఊరంతా గట్టు మీద చేరి తిరునాళ్ల చూసినట్టు చూసింది.

పొద్దెక్కేసరికి తూనీగలు పని చాలించి గూటికి చేరాయి. చెట్ల మీద ఇంకా సగానికి పైగా కాయ వేలాడుతోంది.

"చెడిపోయినాయేమో," అన్నారెవరో. చెడిపోలేదు. మిగిలిందంతా పిట్టల వంతని తోట నడిపే యంత్రం ప్రకటించింది. పది పాళ్లలో ఆరు.

ఆ కబురు వినగానే నాగసులోచన జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆవిడ అరవై దాటిన నేల శాస్త్రవేత్త, ఆ ఊరి ఆడబిడ్డ. యంత్రాన్ని కనిపెట్టింది ఆవిడే. మట్టి జ్ఞాపకం అనే అర్థంలో దానికి మృత్స్మృతి అని పేరు పెట్టింది. పలకబోతే నాలుక మడతపడుతోందని ఊరివాళ్లు దాన్ని 'పెద్దాయన' అనడం మొదలుపెట్టారు, చివరికి ఆవిడా అలాగే పిలవసాగింది.

పెద్దాయన చూడటానికి మంచినీళ్ల ట్యాంకంత ఉంటాడు. అడుగు నుంచి వెంట్రుకంత సన్నని ఫైబర్ తంతువులు లక్షల కొద్దీ నేలలోకి దిగి ఉంటాయి. వాటిని ఆవిడ 'చదువు వేళ్లు' అంటుంది. మట్టి పొరల్లో మిగిలిన పుప్పొడి, గింజల పొట్టు, జంతువుల డీఎన్ఏ తునకలు ఏరి, ఏ కాలంలో అక్కడ ఏ చెట్టుండేదో, దాని పండు ఎవరు తిన్నారో అవి చదువుతాయి. అదొక్కటే కాదు, పెద్దాయన మనుషుల మాటా వింటాడు. ఊరి పెద్దలు చెప్పిన పాత ముచ్చట్లు విని, రెండూ కలిపి ఏం నాటాలో, ఎవరికెంత వదలాలో తేలుస్తాడు. బోర్లెండిపోయి, తోటలూ అడవీ మాడిపోయిన ఆ మెట్టల్లో పిట్టల్నీ జంతువుల్నీ మళ్లీ నిలబెట్టాలని ఈ ఏర్పాటంతా.

నిలబడ్డాయి కూడా. మామిడి, నేరేడు, మొర్రి, సీతాఫలం ఎదిగాక మొదట పికిలిపిట్టలు వచ్చాయి. తర్వాత గబ్బిలాలు, నిరుడు పునుగుపిల్లి. ఈ వేసవిలో కోనలోంచి తల్లి ఎలుగొకటి పిల్లను వీపు మీద మోసుకుంటూ దిగింది. కెమెరాలో దాన్ని చూసి నాగసులోచన సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఇప్పుడు తోట సంఘం పెద్ద గంగిరెడ్డి ఆవిడ ముందు నిలబడి కేకలేస్తున్నాడు.

"ఏందక్కా ఇది? నీళ్లు మోసింది మేము, కాయ తినేది ఎలుగ్గొడ్డా? మేం నోట్లో వేలేసుకోని సూస్తా కూచోవాల్నా?"

"వాటికీ ఉండాల గదా గంగన్నా."

"ఉండనీ. ఒక్క పాలు ఉండనీ. పొద్దుగూకే లోపల నీ వేలిముద్రేసి తగ్గించు. లేదంటే రేపు కట్టెలు తీసుకోని మేమే తోటలో పడతాం."

వంతు మార్చే అధికారం ఆవిడ వేలిముద్రకే ఉంది. అదీ తొలికాపు నాటి సాయంత్రం దాకానే. తర్వాత ముప్పై ఏళ్లు ఎవరూ కదపలేరు. తగ్గిస్తే వచ్చిన జీవాలు ఆకలికి వెనక్కి పోతాయి. తగ్గించకపోతే ఊరే వాటిని కట్టెలతో తరుముతుంది. ఎటు చూసినా పోయేది ఆ తల్లీపిల్లలే.

ఆవిడ విసురుగా యంత్రం గదిలోకి వెళ్లింది.

"ఆరు పాళ్లా? ఆ లెక్క నీకెవరు చెప్పినారు?"

"మీరే," అన్నాడు పెద్దాయన. "మీరూ, ఊరి పెద్దలూ."

గదిలో పాత గొంతులు వినిపించాయి. మొదట గంగిరెడ్డి తండ్రిది. చనిపోయి నాలుగేళ్లయింది. "మా నాయన సగం కాయ పిట్టలకే ఇడిసిపెడతా ఉండె." ఆయనకు తీసిపోకూడదని ఇంకొకాయన, "మా తాత కోసింది మూడు బండ్లయితే, ఇడిసింది నాలుగు." ఆ వెనక ఆవిడ గొంతే. "మా జేజి పైకొమ్మ ముట్టేది కాదు. అది పిట్టలదే అనేది."

నాయనమ్మ తలపుతో నాగసులోచన గొడవంతా మరిచిపోయింది. మండుటెండలో మామిడి నీడ, జేజి చెంగులో ఉప్పూ కారం, పులుపుకు మూసుకుపోయే కళ్లు. మంచె మీద జేజి తాడు వడిసెల తిప్పుతుంటే గాలి కోసుకుపోయే ఆ చప్పుడు. ఆ చప్పుడుకే తనకు నిద్ర పట్టేది. ఎంత మంచి రోజులు, ఎక్కడికి పోయాయో అనుకుంది.

"మరి నేల ఏమంటాండాది?" అని అడిగింది.

పెద్దాయన పాత గొంతులు ఆపేశాడు.

"ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. మీ జేజి కాలపు పొరలో పిట్టలూ గబ్బిలాలూ తిన్న ఆనవాళ్లు దాదాపు లేవు. చెట్టు చుట్టూ పిట్టల్ని తరిమిన వడిసెల ఉండలు మాత్రం చాలా ఉన్నాయి. పైకొమ్మ కాయలు మిగిలిన మాట నిజమే. ఆ చెట్టు ఎత్తును బట్టి చూస్తే, ఆవిడ కాయ కోసే దోటీకి అవి అందేవి కావు."

నాగసులోచనకు నవ్వొచ్చింది. వడిసెల చప్పుడు గుర్తుంచుకుని, అది దేనికో మరిచిపోయింది తను.

"అందరిదీ ఇంతేనా?"

"అందరిదీ."

"మరి నేలను కాదని మా మాట ఎట్లా నమ్మినావు?"

"నమ్మలేదు. నేల జరిగింది చెప్పింది. దాని ప్రకారం నడిపితే పాత తోటలకు పట్టిన గతే దీనికీ పడుతుంది. మీరంతా ఎలా జరిగి ఉంటే బాగుండేదో చెప్పారు. తోట వేయడానికి ఆ మాటే పనికొస్తుందనిపించింది."

ఆవిడ ఆ పాత గొంతులన్నీ మళ్లీ మొదటి నుంచీ పెట్టించుకుని వింది. బయటికి వచ్చేసరికి ఎండ చల్లబడింది. జనం కదలకుండా నిలబడే ఉన్నారు.

"ఏమంటాడు పెద్దాయన?" అన్నాడు గంగిరెడ్డి.

"ఆరు తప్పంట."

"సూసినారా? నేను సెప్పలా!"

"మీ నాయన తగ్గించి చెప్పినాడంట గంగన్నా. నేల చదివితే తేలింది. మీ నాయనకు నాయన, మీ అబ్బ ఏడు పాళ్లు వదిలేవాడంట."

గంగిరెడ్డి, అందరూ విన్నారా లేదా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"మా అబ్బా?"

"మీ అబ్బే. ఈ చుట్టుపక్కల అట్లాంటి చెయ్యి లేదంట."

"మా ఇంట్లో ముందునించీ అంతేలే," అన్నాడు గంగిరెడ్డి.

"మా తాత సంగతేంది?" అన్నాడొకడు.

"మీ తాతా ఏడే."

"మావోళ్లది ఎనిమిదుంటాది, సరిగ్గా సూడమను," అంది వెనక నుంచి ఓ ముసలావిడ.

"ఏడు చాల్లే అవ్వా," అంది నాగసులోచన.

"పెట్టక్కా ఏడు," అన్నాడు గంగిరెడ్డి. "మా అబ్బ పేరు నేను పోగొడతానా?"

ఆవిడ వేలిముద్ర వేసింది. ఊరు ఇళ్లకు మళ్లింది. దారి పొడుగునా ఎవరి తాతల ధర్మగుణం వాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు.

"మీరు చెప్పింది నేలలో లేదు," అన్నాడు పెద్దాయన ఆవిడ చెవికున్న ఇయర్‌ఫోన్‌లో.

"ఉంటుంది. వందేళ్లు పోయినాక చదువు."