మీ ఇంటి మబ్బు

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. పెరట్లో వంగమొక్కల దగ్గర పీట వేసుకుని తాతయ్య. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర అమ్మ. పనేమీ లేకపోయినా కబుర్లకని వచ్చి కూర్చున్న పక్కవీధి అత్తయ్య. వాతావరణం ఆఫీసునుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు. ఆయన వెనక ఇస్త్రీ చొక్కా వేసుకుని వెలిగిపోతున్న వానబ్బాయి. వంటింటి గుమ్మం చాటున, సగం కనపడుతూ గువ్వ.

గువ్వ ఆ ఇంటి పిల్ల. ఇరవయ్యేళ్ళొచ్చినా నలుగురిలో గొంతు పెగలదు. "దీని నోట్లోంచి మాట రావాలంటే పైనుంచి ఆర్డరు రావాలి" అంటుంది అత్తయ్య.

ఏం జరగబోతోందో ఆ ఆరుగురిలో తెలిసింది గువ్వకొక్కదానికే.

చెట్టు గానీ మేడ గానీ అడ్డంలేని పెరడు వాళ్ళదొక్కటే కనక, మూడు నెలల కిందట వాన కొలిచే డబ్బాని అక్కడ పెట్టారు. రోజూ ఎనిమిదిన్నరకి వచ్చి కొలత రాసుకునే ఉద్యోగం వానబ్బాయిది. వచ్చిన మొదటిరోజే తాతయ్య పోసుకున్న టమాటా నారుని చక్కగా తొక్కాడు.

"అబ్బాయ్, నువ్వు కొలవాల్సింది వానా, నా నారా?" అన్నాడు తాతయ్య.

"సారీ అండీ, పైకి చూస్తూ నడవడం మా ఉద్యోగంలో అలవాటైపోతుంది."

గువ్వ నవ్వాపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. అతను అది కూడా చూశాడు.

వాన లేని రోజు అతనికి అక్కడ అర నిమిషం పని. డబ్బాలోకి తొంగిచూసి, "సున్నా" అనుకుంటూ రాసుకుని వెళ్ళిపోతాడు. వాన పడిన రోజు మాత్రం ఐదు నిమిషాలు. నీళ్ళని కొలతగ్లాసులోకి వంచాలి, మోకాళ్ళ మీద కూర్చుని ఒంటికన్నుతో గీత చూడాలి, మళ్ళీ ఒకసారి చూడాలి. అంతసేపూ గరాటులా ఉండే డబ్బా మూత ఎవరో ఒకరు పట్టుకోవాలి. తాతయ్యకి నడుంనొప్పి. అందుకని గువ్వ పట్టుకునేది.

తొమ్మిదో తారీఖున సరిగ్గా అతను వచ్చే వేళకి వాన దంచికొట్టింది. ఇద్దరూ పెరట్లో రేకుల కిందికి పరిగెత్తారు.

"రూలు ప్రకారం వానలోనైనా వెళ్ళి కొలవాలి. కానీ రూలు తడవదు కదా, తడిసేది నేను" అన్నాడతను.

ఇరవై నిమిషాలు నిలబడ్డారు. అందులో గువ్వ మాట్లాడింది ఒక్క మాట. "మీ పుస్తకం తడుస్తోంది."

ఆ ఒక్క మాటకీ, దానికతను నవ్విన నవ్వుకీ గువ్వ డైరీలో రెండు పేజీలు పట్టాయి.

తరవాత వానలు మొహం చాటేశాయి. సున్నా. మళ్ళీ సున్నా. వారం గడిచింది. ఎనిమిదో రోజు తెల్లవారగానే గువ్వ పెరట్లోకి వెళ్ళి, టీగ్లాసులో సగం నీళ్ళు ఆ డబ్బాలో పోసేసింది. ఐదు నిమిషాల కోసం. అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

అతను గీత చూసి కళ్ళు నులుముకున్నాడు. "మూడు మిల్లీమీటర్లు. ఊరంతా ఎండిపోయింది, మీ పెరట్లో మాత్రం వాన. మనమంతా నిద్రలో ఉండగా వచ్చి వెళ్ళిపోయినట్టుంది."

"ఏమో" అంది గువ్వ.

"ఏదో మబ్బు మీ ఇంటి మీద మనసు పడిందండీ."

ఆ మాట విన్నాక ఆపడం ఎవరి తరం? మొత్తం పదకొండుసార్లు పోసింది. పోసిన ప్రతిసారీ డైరీలో తారీఖు వేసుకుంది. అతను వస్తూనే "మీ ఇంటి మబ్బు వచ్చిందా?" అనేవాడు. ఆమె తలొంచుకుని మూత తీసేది.

ఒకరోజు కాగితాలకట్టతో వచ్చాడు. "కొండసందులోంచి వచ్చే గాలి ఈ వీధి మీదే చల్లబడుతోందని నా లెక్క. రిపోర్టు రాసి పెద్దాఫీసుకి పంపించాను. ఇది ఓకే అయితే నన్ను పర్మనెంట్ చేస్తారు. అప్పుడు మీ తాతయ్యగారితో ఒక మాట మాట్లాడాలి."

గువ్వ తలెత్తి చూసింది. "ఏం మాట?"

"నారు తొక్కినందుకు క్షమించమని."

ఇద్దరూ నవ్వారు. అతను చెవులదాకా ఎర్రబడి వెళ్ళిపోయాడు. అప్పుడే చెప్పేయాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రేపు చెబుదాంలే అనుకుంది. రేపు వచ్చింది, మాట రాలేదు. అలా పన్నెండు రేపులు గడిచాయి. పదమూడో రోజు పెద్ద ఆఫీసరు వచ్చాడు.

ఆయన డబ్బా చుట్టూ తిరిగి చూశాడు. చిక్కుడు ఆకు మీద వేలితో రుద్దాడు. వేలికి దుమ్ము అంటింది.

"పెద్దాయనా, ఈ నెలలో మీ పెరట్లో ఎన్ని వానలు పడ్డాయి?"

తాతయ్యకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? "వానలెక్కడివి బాబూ. రోజూ నేనే కదా మొక్కలకి నీళ్ళు మోస్తున్నాను. నా నడుముని అడగండి, చెబుతుంది."

వానబ్బాయి మొహంలో వెలుగు ఆరిపోయింది.

"పక్కవీధి బడి మీద కూడా ఒక డబ్బా పెట్టించాం. అందులో చుక్క లేదు" అన్నాడు ఆఫీసరు అతని వైపు తిరిగి. "రూములో కూర్చుని అంకెలు వేశావన్నమాట."

"లేదు సార్. రోజూ వచ్చాను. డబ్బాలో నీళ్ళు నా కళ్ళతో చూశాను. మూత పట్టుకుంది ఆవిడే, అడగండి."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. మిషను ఆగింది. అత్తయ్య మెడ సాచింది.

"ఏమ్మా, డబ్బాలో నీళ్ళుండటం నువ్వు చూశావా?"

చూశానంటే, ఎలా వచ్చాయంటారు. ఎలా వచ్చాయో చెబితే, ఎందుకు పోశావంటారు. ఎందుకో అమ్మ ముందు, తాతయ్య ముందు, అత్తయ్య ముందు ఏ నోటితో చెబుతుంది? గువ్వ కాలిబొటనవేలితో నేల మీద రాసింది. వానబ్బాయి ఆమెనే చూస్తున్నాడు, ఆ రేకుల కింద చూసినట్టే, నమ్మకంగా.

"గుర్తులేదు" అంది.

అతను చేతిలో పుస్తకాన్ని మెల్లగా మూశాడు. మర్నాడు ఎనిమిదిన్నరకి ఎవరూ రాలేదు.

నాలుగు రోజులు గువ్వకి అన్నం సహించలేదు. ఐదో రోజు డైరీలోంచి తారీఖుల కాగితం చింపింది. ముందు ఆఫీసుకే వెళ్ళింది. నీళ్ళు పోసింది తనేనని పెద్ద ఆఫీసరుకి చెప్పేసింది. జీవితంలో అంతసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన విన్నాడు. "ఆ పోస్టులోకి వేరేవాళ్ళు వచ్చేశారమ్మా" అన్నాడు.

అక్కణ్ణించి సైకిలుషాపు మీదున్న అతని అద్దెగదికి వెళ్ళింది. తలుపు తీశాడు. వెనక పెట్టె సర్ది ఉంది. కొలతపుస్తకం మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది.

"నీళ్ళు పోసింది నేను. మీరు ఐదు నిమిషాలు ఉంటారని" అంది. కాగితం అందించింది.

అతను నిలబడే చదివాడు. "ఆఫీసులో చెప్పారా?"

"చెప్పాను."

"మొన్నటిదాకా అబద్ధాలకోరునన్నారు. ఇవాళ్టినుంచి వెర్రివాణ్ణి." కోపంగా అనలేదు. ఒక అంకె కొట్టేసి ఇంకో అంకె వేసినట్టు అన్నాడు. "ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే, మీతోపాటు నేనూ తిట్లు తినేవాణ్ణి. నవ్వుకుంటూ తినేవాణ్ణి."

గువ్వకి కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోలేదు.

అతను కాగితాన్ని మరోసారి పైనుంచి కిందిదాకా చూశాడు. కొలతగ్లాసుని రెండోసారి చూసేవాడే, అలా.

"ఇందులో తొమ్మిదో తారీఖు లేదు."

"అది నిజం వానండీ."

అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. తరవాత చప్పుడు కాకుండా, గడియ పడేదాకా చేత్తో పట్టుకుని, తలుపు వేసేశాడు.