హ్యాండిల్ లేని తలుపు

వెనక లైట్లు!

మలుపు తిరిగాక కూడా వదలడం లేదు.

స్కేలు యాక్సిలరేటర్ అదుముతాడు. ఇంజన్ చప్పుడంటూ ఏమీ లేదు. వీపు మాత్రం సీటుకు అతుక్కుపోతుంది.

ఆఫీసులో అందరూ అతన్ని స్కేలు అనే పిలుస్తారు. జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది మరి. ఈ కొత్త ఎలక్ట్రిక్ సెడాన్ తలుపులు గీసింది అతనే. లోకం ఇంకా చూడని కారు. ఆకారం తెలియకుండా ఒంటినిండా నలుపూ తెలుపూ గళ్ల స్టిక్కర్లు అంటించి ఉన్నాయి.

దాన్ని దొంగతనంగా తోలుకుపోతున్నదీ అతనే.

ఒక్క గంట చాలన్నారు పోటీ కంపెనీవాళ్లు. గోడౌన్‌కి తీసుకురమ్మన్నారు. కొలతలు తీసుకుని పంపించేస్తామన్నారు. బదులుగా చీఫ్ డిజైనర్ పోస్టు. ఇక్కడ ఆ పోస్టు నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ ఉక్రోషంలో స్కేలు సరేననేశాడు.

తాళం బావ జేబులోంచి కొట్టేశాడు.

బావ... అక్క మొగుడు. ఇదే కంపెనీలో టెస్ట్ డ్రైవర్. స్కేలుకి ఈ ఉద్యోగం వేయించిందే ఆయన. ఇందాక వాళ్లింట్లోనే భోంచేశాడు. అక్క కొసరి కొసరి వడ్డించింది. బావ చేతులు కడుక్కోవడానికి లేచాడు. కుర్చీకి తగిలించిన కోటు జేబులో కార్డు తాళం...

ఛీ, ఏం మనిషిని నేను అనుకుంటాడు.

ఫోన్! తెరమీద 'బావ'.

కట్ చేస్తాడు. మళ్లీ మోగుతుంది. మళ్లీ కట్!

వెనక లైట్లు ఆరి వెలుగుతున్నాయి. హారన్ ఎక్కడో పక్క ఊళ్లో కొడుతున్నట్టు సన్నగా వినిపిస్తోంది. కిటికీలకి రెండు పొరల గాజు. బయటి రొద లోపలికి రాకూడదని పట్టుబట్టి అతనే వేయించాడు. అయినా ఆ హారన్ అతనికి తెలుసు. బావ డొక్కు జీపుది.

పట్టుకుంటాడు. కాలర్ పట్టుకుని అక్క ముందు నిలబెడతాడు. తలుచుకుంటేనే సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

ఇంకా వేగం...

వాసన!

ఏదో తియ్యటి వాసన. ఆ వెంటనే కాలిన ప్లాస్టిక్ కంపు. అరికాళ్లు వెచ్చబడుతున్నాయి. ఈ కారుకి బ్యాటరీ మొత్తం కాళ్ల కిందే పరిచి ఉంటుంది.

స్క్రీన్ మీద బ్యాటరీ వేడి చూపించాల్సిన చోట ఖాళీ.

కారు ఎక్కడుందో కంపెనీకి చేరవేసే డబ్బా వైరు అతనే పీకేశాడు. టెస్ట్ కారు కదా, వేడెక్కితే హెచ్చరించేదీ ఆ డబ్బానే. దొరక్కూడదని తన కన్ను తనే పొడుచుకున్నాడు!

మరి ఎక్కినప్పుడు స్టీరింగ్‌కి కట్టి ఉన్న ఎర్ర రిబ్బన్?

వర్క్‌షాపులో ఎర్ర రిబ్బన్ కట్టారంటే ఆ బండి కదపకూడదని లెక్క. కానీ పని అయిపోయాక విప్పడానికి అందరికీ బద్ధకం. బాగైన బండికి కూడా అది వేలాడుతూనే ఉంటుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఇతనూ విప్పి పక్కన పడేశాడు.

ఈసారి నిజంగానే కట్టారు.

బావ దొంగని పట్టుకోవడానికి రావడం లేదు... వాణ్ణి బతికించడానికి వస్తున్నాడు!

బ్రేక్!

కారు ఆగుతుంది. స్క్రీన్ ఆరిపోతుంది. అన్ని దీపాలూ ఆరిపోతాయి. లోపలికి పొగ...

తలుపు బటన్ నొక్కుతాడు. కదలదు. కరెంటు లేదు.

బయటి హ్యాండిల్ తలుపులోకి ముడుచుకుని ఉంది. కరెంటు ఉంటేనే అది బయటికొస్తుంది. లోపలినుంచి చేత్తో లాగే లీవర్ డ్రాయింగులో ఉంది, కారులో లేదు. దానివల్ల తలుపు అందం చెడుతోందని, తర్వాత చూద్దామని వాయిదా వేయించింది తనే.

మోచేత్తో అద్దాన్ని గుద్దుతాడు. పగలదు. దగ్గు... కళ్లు మండిపోతున్నాయి...

ధడేల్!

అద్దం అవతల బావ! చేతిలో వీల్ స్పానర్.

మరో దెబ్బ. గాజు పగులుతుంది గానీ ఊడదు. బావ స్పానర్ పారేసి ఆ పగుల్లోకి వేళ్లు దూరుస్తాడు. ఒట్టి చేతులతో గాజుని చీలుస్తాడు.

"చెయ్యియ్యరా!"

లాగుతాడు. ఇద్దరూ రోడ్డు పక్కకి దొర్లిపోతారు. వెనక, కారు అడుగు నుంచి భగ్గుమని మంట!

బావ అరచేతులు రెండూ చీరుకుపోయాయి. నెత్తురు ధారగా కారుతోంది.

"ఫోనెత్తొచ్చు కదరా," అంటాడు బావ రొప్పుతూ. "బ్యాటరీ కూలింగ్ పైపు విప్పేసి ఉంది. అది చెబుదామనే."

తిట్టడు. నాలుగు తగిలించినా బాగుండేది. స్కేలు తలెత్తలేకపోతున్నాడు.

"బావా, నేను..."

"తాళం కనపడనప్పుడే అర్థమైంది. వర్క్‌షాపుకి వచ్చేసరికి నువ్వు గేటు దాటుతున్నావు. మీ అక్కకి చెప్పలేదు. వింటే తట్టుకోలేదు."

సైరన్! కారు ఆచూకీ తెగిపోయిందని కంపెనీవాళ్లు పోలీసులకి చెప్పినట్టున్నారు, మంట చూసి ఇటొచ్చారు. పోలీసు జీపు ఆగుతుంది. ఇన్‌స్పెక్టర్ దిగి, కాలుతున్న కారుని చూసి, టార్చి ఇద్దరి మీదా వేస్తాడు.

"కారు తీసిందెవరు?"

స్కేలు నోరు తెరుస్తాడు. చెప్పాలి. చెప్పేస్తాడు...

"నేనే సార్." బావ గొంతు!

తాళం తన దగ్గరే ఉంటుందని, రిబ్బన్ చూసుకోకుండా తీశానని చెబుతాడు బావ. జీపులో వెంటపడి వచ్చింది తన బావమరిదట. లోపల ఇరుక్కుపోతే అద్దం పగలగొట్టి లాగింది వాడేనట. పగిలిన గాజులోంచి రావడంలో చేతులు కోసుకుపోయాయట.

టార్చి వెలుగు స్కేలు మొహం మీదికి వస్తుంది.

"నిజమేనా?"

కాదు. ఆ ఒక్క మాట చాలు. నాలుక చివరే ఉంది. బావ ఇటు చూడడం లేదు. ఉద్యోగం, పరువు, అక్క మొహం... అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరుగుతాయి.

"అవును సార్," అంటాడు స్కేలు.

నెత్తురోడుతున్న ఆ చేతులకి బేడీలు పడతాయి. పోలీసు జీపెక్కుతూ బావ వెనక్కి తిరిగి, భయపడకు అన్నట్టు అతనికి తలాడిస్తాడు.