మూడో పేజీలోని ఆడబిడ్డ

పిండి చేత్తోనే ఫోన్ తెరిచి సుచరిత ఒక్క గంతు వేసింది. నల్లగొండ కాలేజీ సెమినార్‌కు ఆమె వ్యాసం ఎంపికైంది! యానిమేషన్ సినిమాల్లో టీనేజీ పిల్లలు తామెవరో ఎలా వెతుక్కుంటారన్నది మనోవిశ్లేషణ చూపుతో రాసిన వ్యాసం. దేవరకొండకు కోడలిగా వచ్చిన మూడు నెలల్లోనే!

"అత్తమ్మా, నా వ్యాసం తీసుకున్నరు!"

"బొమ్మల సిన్మాలకు సుత సదువుంటదా బిడ్డా?" అత్త అండాలు నవ్వింది. "ముందు సర్వపిండి మాడకుండ చూడు."

ఇంటర్ చదివే ఆడబిడ్డ అక్షిత అరలోని వ్యాసం కాగితాలు అందుకుని చదవసాగింది. మూడో పేజీ దగ్గర ఆగిపోయింది.

"'నాకు తెలిసిన పదహారేళ్ల అమ్మాయి ఒకే సినిమాను పదకొండుసార్లు చూసింది. అన్న చొక్కా తొడుక్కుని అద్దంతో మాట్లాడుతుంది...' వదినా, గిది నేనే గద!"

"పేరు పెట్టలేదు కదా..."

"పేరెందుకు? పదకొండుసార్లు చూసినోళ్లు ఇంకెవరున్నరు? గిది అందరి ముందర సదువుతవా?"

అండాలు ముఖం మారింది. "నా పిల్లకు ఏం రోగమని రాసినవ్, సుచరితా?"

"రోగం కాదత్తమ్మా. ఈ వయసు పిల్లలు అమ్మానాన్నల పోలిక విడిచి, తెరమీది ముఖాలు ఒక్కొక్కటీ తొడిగి చూసుకుంటరట. అట్ల చూసుకుంటనే తమ ముఖం తయారైతది. ఆ సినిమాల ఒక పిల్ల ముంగిసగా మారుతది, అమ్మ లెక్క ఉండొద్దని. అక్షిత సుత అందుకే చూస్తదని రాసిన..."

"అమ్మ లెక్క ఉండొద్దని నేనెప్పుడన్న?" అక్షిత కాగితాలు వదిన ముందుకు చాపింది. "ఎందుకు చూస్తున్ననో ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. పుస్తకాలన్నీ తిరగేసింది గానీ, పక్కగదిలోని పిల్లను అడగలేదు. సిగ్గేసినా, సుచరితకు తెలుసుకోవాలనిపించింది.

"ఇప్పుడడుగుతున్న. చెప్పు."

"ఆ సిన్మాల ముసలి తాబేలు గొంతు అన్న తీసేటోడు. ముంగిస నేను. మాటలన్నీ మేమే మార్చి, కడుపు నొచ్చేదాక నవ్వేటోళ్లం. లగ్గమైనంక అన్న ఒక్కనాడు సుత కూసోలే. అందుకే అన్న అంగీ ఏసుకొని రెండు గొంతులూ నేనే తీస్తున్న."

సాయంత్రమైతే చాలు, భర్త నవీన్‌కుమార్‌ను ఖిల్లా గుట్ట దిక్కు షికారుకు లాక్కుపోయింది తనే. ఇంత చదివీ, ఆ పిల్ల కథలో తానూ ఉన్నానని కనిపెట్టలేకపోయింది. కళ్లు నిండాయి. పెన్సిల్ తెచ్చి అక్షిత చేతిలో పెట్టింది.

"ఏం కొట్టెయ్యాల్నో నువ్వే కొట్టెయ్."

అక్షిత పేజీ అంతా కొట్టెయ్యలేదు. అమ్మ గురించిన వాక్యం ఒక్కటే కొట్టేసి, పక్కన 'తప్పు. అడిగి రాయాలె' అని రాసింది. అండాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"రేపు పొద్దుగూకినంక ఆరింటికి సిన్మా," అక్షిత ప్రకటించింది. "అన్నకు నువ్వే చెప్పు వదినా. నువ్వు సుత కూసోవాలె. అండ్ల ఒక ఉడుత ఉంటది. దాని గొంతు ఇంతవరకు ఎవ్వలం తియ్యలే."