దైకోరిన్ మాట్లాడదు

ముల్లంగి నన్ను తన్నింది.

జపాన్‌లోని షికోకు దీవిలో మా చిన్న ఊరు ముల్లంగి ఊరగాయకి పెట్టింది పేరు. అందుకని టౌన్ హాలు వాళ్లు ఆరడుగుల ముల్లంగి వేషానికి కళ్లూ కాళ్లూ, మెడలో ఒక బో టై తగిలించి, దైకోరిన్ అని పేరు పెట్టి ఊరి మీదికి వదిలారు. కొత్త షాపు తెరిచినా, అగ్నిమాపక వారోత్సవం జరిగినా అదే వచ్చి చేతులూపుతుంది. నా పేరు యెప్పె. పుట్టింది డెన్మార్క్‌లో. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటూ, జపాన్ మీద జోకులేస్తూ వీడియోలు చేసుకుని బతుకుతున్నాను. ఆ రోజు కెమెరా పట్టుకుని ముల్లంగి నోటి జాలీలోకి తొంగిచూసి, "లోపల ఉడికిపోవట్లేదాండీ?" అని అడిగాను.

మోకాలి కింద తగిలింది. బూటు మెత్తనిదే, కాలు మాత్రం గట్టిది.

కాసేపటికి వెండింగ్ మెషీన్ దగ్గర ఒకమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయి, జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది. చల్లటి బార్లీ టీ సీసా గడగడా తాగేసి నా వైపు తిరిగింది.

"మీకు బుద్ధుందా? పిల్లల ముందు అలాగేనా అడిగేది?"

"లోపల ఉన్నది మీరేనా?"

"లోపల ఎవరూ ఉండరు."

"మరి నన్ను తన్నిందెవరు?"

"దైకోరిన్."

చెమట తుడుచుకుంటూనే ఇంత నిబ్బరంగా అబద్ధమాడే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అక్కడికక్కడే ప్రేమలో పడిపోయాను.

పేరు మిజుహో. టౌన్ హాలు టూరిజం విభాగంలో ఉద్యోగం. ఆర్నెల్లు కలిసి తిరిగాం. కరవోకేలో ఆమె కళ్లు మూసుకుని విరహగీతాలు పాడుతుంటే నేను గజ్జెల టాంబూరిన్ వాయించాను. సినిమా హాల్లో జోకుకి నేనొక్కణ్ణే పగలబడి నవ్వితే మోచేత్తో పొడిచింది. వాన పడితే ఒక్క ప్లాస్టిక్ గొడుగు కింద ఇద్దరం చెరో భుజం తడుపుకుంటూ నడిచాం. ఆ గొడుగు కిందే నా చెయ్యి పట్టుకుంది. ఇంకేం కావాలి చెప్పండి?

ఒక బుధవారం కూరగాయల షాపులో వాళ్లమ్మ ఎదురైంది. నేను నడుం వంచి దణ్ణం పెట్టాను. మిజుహో నన్ను చూపించి, "యెప్పె గారు. తెలిసినాయన" అంది.

తెలిసినాయన! చేతిలో ఉన్న టోఫు ప్యాకెట్ జారి కింద పడింది.

వాళ్లమ్మ అటు వెళ్లగానే మిజుహోని పట్టుకున్నాను. "తెలిసినాయనా? నేనా?"

"మరేమనాలి?"

"బాయ్‌ఫ్రెండ్ అనాలి!"

"నన్ను అడిగావా నువ్వు?"

"ఏం అడగాలి?"

"నువ్వంటే ఇష్టం, నాతో ఉంటావా అని. ఎదురుగా నిలబడి, నోరు తెరిచి. ఇక్కడ ఎనిమిదో క్లాసు పిల్లలు కూడా అడుగుతారు."

"చేతులు పట్టుకుని ఊరంతా తిరిగాక ఇంకా అడిగేదేంటి? మా దేశంలో అడగరు. దానంతటదే వచ్చేస్తుంది."

"జలుబు కూడా అంతే."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

"నీ వీడియో చూశాను" అంది మెల్లగా. "ఇలా అడగడమంటే బ్యాంకులో లోనుకి అప్లై చేసినట్టుంటుందని నవ్వావుగా. అది చూశాక నేనెలా నోరు విప్పను? అత్త ఓ సంబంధం తెచ్చింది. ఆదివారం రెండింటికి హోటల్లో పెళ్లిచూపులు. నీకెవరైనా ఉన్నారా అని అడిగితే లేరన్నాను."

"లేరా?"

"నువ్వే చెప్పు."

చెప్పడానికే నోరు తెరిచాను. ఎనిమిదేళ్లుగా కెమెరా ముందు వాగిన నోరు. "ఇంతకీ పెళ్లికొడుకు ముల్లంగి తింటాడా?" అనేసింది ఆ నోరు.

మిజుహో బుట్ట అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోనెత్తలేదు.

ఆదివారం దాకా అద్దం ముందు నిలబడి ఆ రెండు ముక్కలూ ప్రాక్టీసు చేశాను. వెటకారం లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతిసారీ చివర్లో కన్ను కొట్టేస్తున్నాను.

ఆదివారం పొద్దున బజారు వీధిలో వసంతోత్సవం. దైకోరిన్‌తో ఫోటోలకి చాంతాడంత లైను. ఈ దేశంలో గుండె పగిలినా లైన్లో నిలబడే పగలాలి. నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి, ముల్లంగికి కాపలా ఉండే హమగుచి గారు చెయ్యి చాపారు.

"కెమెరా ఇవ్వండి, ఫోటో తీస్తాను."

"ఫోటో వద్దండీ. మాట్లాడాలి."

"దైకోరిన్ మాట్లాడదండీ."

"వింటుంది కదా?"

ఆయన ముల్లంగి వైపోసారి చూశారు. "వింటుంది" అని ఒప్పుకున్నారు.

ముల్లంగి అటు తిరిగింది. నేనూ అటే వెళ్లి నిలబడ్డాను.

"నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. జోకు కాదు. అడిగితే నువ్వు కాదంటావేమోనన్న భయంతోనే ఇన్నాళ్లూ ఎగతాళి చేశాను. నాతో ఉంటావా?"

కన్ను కొట్టలేదు. నా వెనక నిలబడ్డ మామ్మ భుజం తట్టింది.

"ఏం నాయనా, ముల్లంగిని ప్రేమించావా? తప్పులేదు, బంగారం లాంటి పిల్ల. కాస్త తొందరగా తేల్చమను, వెనకాల లైనుంది."

ముల్లంగి కదల్లేదు. మొహం కప్పుకుందామన్నా ఆ పొట్టి చేతులు అందవు. ఊపుదామంటే విడిగా తలే లేదు.

అప్పుడది నెమ్మదిగా ముందుకి వంగింది. ఇక్కడ ఆ ప్రశ్నకి సరేనంటే నడుం వంచి సరేనంటారు. దైకోరిన్‌కి నడుం ఎక్కడుంది? నిలువునా వచ్చి నా మీద పడింది.

కింద నేను, పైన ముల్లంగి. జనం చప్పట్లు. హమగుచి గారు "అయ్యయ్యో" అంటూ దాని కాళ్లు పట్టి లాగుతున్నారు. నోటి జాలీ సరిగ్గా నా చెవి మీద ఉంది. లోపల మిజుహో ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"దెబ్బ తగిలిందా?" గుసగుసలాడింది.

"లేదు. అంత వంగితే పడతావని తెలీదా నీకు?"

"తెలుసు. కింద నువ్వున్నావుగా." ముక్కు ఎగబీల్చింది. "అత్తకి మాత్రం నువ్వే చెప్పాలి."

"చెప్తాను. ఎవరికి చెప్పమంటే వాళ్లకి చెప్తాను."

హమగుచి గారు ఎంత లాగినా నేను మాత్రం వదల్లేదు.